వడ్డీ లేని బ్యాంకు – అప్పిచ్చువాని ధర్మము



నేడు నేను ప్రసంగింపబోవు విషయము మొదట మీకు దూరపుదిగా తోచవచ్చును. ముసల్మానుల ధర్మశాస్త్రము ననుసరించి, వడ్డీ యిచ్చుటయు పుచ్చుకొనుటయు లేకుండ నడచు బ్యాంకులు లోకమున ననేకము లున్నవి. అట్టి బ్యాంకులు సంఘమునకు చేయవలసిన మేలెట్టిది, చేయుచున్న మేలెట్టిది యనునదియే నా ప్రసంగవిషయము. దేశము వేరైనను, మతము వేరైనను, అప్పు, వడ్డీ, నోటు, తనఖా యను మాటలు మీకు క్రొత్తవి కావు. కావున ఇందలి మర్మము మీకు తేలికగనే బోధపడగలదు.

నా చిన్ననాట మా యూర జరిగిన సంగతి యొకటి చెప్పి ప్రారంభింతును. ఒక రైతు విత్తనములకై ఒక షావుకారువద్ద వడ్లు నాగు తెచ్చుకొనెను. పుట్టికి పుట్టిన్నర చొప్పున కోతలనాడు కొలిచి యియ్యవలెనని మాట. ఆ యేడు వానలు లేకపోయెను. మరుసటియేట పాతబాకీకి క్రొత్తబాకీ తోడయ్యెను. మూడవయేట నోటు వ్రాయబడెను. అయిదవయేట చెరువుక్రింది రెండెకరములును షావుకారు పేర మారెను. ఆ షావుకారు దుష్టుడు కాడు. ఏటేట శ్రీరామనవమికి ఊరంతకును అన్నసంతర్పణ చేయించెడివాడు. ఆ యేడును చేయించెను. మొదటి పంక్తిలో కూర్చున్నవారిలో ఆ రైతు కూడ నుండెను. వడ్డించువారు రెండవమారు బూరె వేయబోగా అతడు విస్తరిపై చేయి అడ్డుపెట్టెను. ఆ చేయి నాకిప్పటికిని కనబడుచునే యున్నది.

అన్నదానము గొప్పది కాదని యెవరనగలరు? అయినను, దానము చేయువాడు తన వ్యాపారమును ఏ రీతిని నడిపెనన్న ప్రశ్న దానముకంటె ముందుది. ఈ ప్రశ్నను చేతబట్టుకొనియే మనము వడ్డీలేని బ్యాంకుల సంగతి విచారింతము.

ఈ కాలమున పెద్ద కంపెనీలు తమకు సంఘబాధ్యత కలదని చెప్పుకొనుట పరిపాటియైనది. మన దేశమున 2013వ సంవత్సరపు కంపెనీల చట్టము, ఒక పరిమాణమును మించిన కంపెనీలు గడచిన మూడేండ్ల సగటు లాభమునుండి నూటికి 2 వంతులు లోకహితకార్యములకు వెచ్చింపవలెనని విధించినది. బడిగదులమీదను, మంచినీటి యంత్రములమీదను కంపెనీల పేళ్లు వ్రాసియుండుట మీలో పలువురు చూచియే యుందురు. ఇది మంచి యేర్పాటే. కాని యిది లాభము చేతికి వచ్చిన పిదప చేయు పని. ఆ లాభము ఎవరి వలన, ఎట్లు వచ్చినదన్న విచారణ ఈ రెండు వంతుల లెక్కలో లేదు. ఇస్లాము ధర్మము ననుసరించు బ్యాంకునకు అట్లు కాదు. దాని సంఘబాధ్యత లాభమునకు ముందే, అప్పు కాగితము వ్రాయునప్పుడే మొదలు కావలెను. కావలెనని యంటిని, అగుచున్నదా యనునది తరువాత చూతము.

మొదట, వడ్డీ యేల కూడదన్నారో తెలిసికొందము. వడ్డీని నిందించిన వారు ముసల్మానులు మాత్రమే కారు. వడ్డీ మొత్తము అసలును మించి పెరుగరాదని మనుధర్మశాస్త్రము హద్దు పెట్టినది. ఐరోపాఖండమున క్రైస్తవ మతాధికారులు పెక్కు శతాబ్దములు వడ్డీని పాపముగ నెంచిరి. ఖురాను వ్యాపారము ననుమతించి, ‘రిబా’ యనెడి వడ్డీని నిషేధించినది. ఈ రెంటికిని గల భేదమును మన సేద్యమునుండియే గ్రహింపవచ్చును. భూమిని కౌలుకిచ్చుట యొక పద్ధతి. పాలుకిచ్చుట మరియొక పద్ధతి. కౌలుకిచ్చిన భూస్వామికి వాన కురిసినను కురియకున్నను నిర్ణయించిన కౌలు చెల్లవలసినదే. పాలుకిచ్చినవాడు పంట పండిన పంచుకొనును, ఎండిన తానును నష్టపోవును. వడ్డీ కౌలువంటిది, ఇస్లాము మెచ్చిన పెట్టుబడి పాలువంటిది. ధనము గలవాడు లాభములో భాగము కోరినయెడల, నష్టములోను భాగస్వామి కావలెననుట యిందలి సారాంశము.

దీనిని బట్టి యేర్పడిన ఒప్పందములలో ముఖ్యమైనవి నాలుగు చెప్పెదను. మొదటిది ‘ముదారబా’. ఒకడు ధనము పెట్టును, ఇంకొకడు శ్రమ పెట్టును. లాభము వచ్చిన మాటప్రకారము పంచుకొందురు. నష్టము వచ్చినచో, పనివాని తప్పు లేనంతవరకు, ధనము పోవునది ధనికునికే. పనివానికి తన శ్రమ వ్యర్థమగును. రెండవది ‘ముషారకా’. ఇద్దరును ధనము పెట్టి భాగస్తులగుదురు. మూడవది ‘మురాబహా’. ఇది అప్పు కాదు, అరువు బేరము. నాలుగవది ‘కర్జె హసనా’, అనగా మంచి ఋణము. కష్టములో నున్నవానికి ఏ ప్రతిఫలమును కోరక యిచ్చి, ఇచ్చినంతయే తిరిగి పుచ్చుకొనుట.

ఈ సూత్రములు గ్రంథములలో నుండుట వేరు, గ్రామమున నడచుట వేరు. గ్రామమున నడచిన కథ యొకటి కలదు. ఈజిప్టు దేశమున నైలునది సముద్రము చేరుచోట, మన గోదావరి కృష్ణలకు వలెనే, విశాలమైన డెల్టా యున్నది. ప్రత్తి, వరి, మొక్కజొన్న అక్కడి పంటలు. ఆ డెల్టాలో మీత్ గమ్ర్ అను పట్టణము కలదు. 1963లో అహమ్మద్ అల్ నజ్జార్ అను ఆర్థికశాస్త్రవేత్త అక్కడ ఒక పొదుపు బ్యాంకును స్థాపించెను. ఆయన జర్మనీ దేశమున విద్య నభ్యసించినవాడు. ఆ దేశపు చిన్న పట్టణములలో సామాన్యజనులు దాచుకొన్న ధనము ఆ ప్రాంతపు పనులకే ఉపయోగపడునట్లు నడచు పొదుపు బ్యాంకులను చూచి, తన దేశపు పల్లెలలోను అట్టివి ఏల యుండరాదని తలంచెను.

అయితే ఆ పల్లెజనులు బ్యాంకు గడప త్రొక్కెడివారు కారు. చాలమందికి వడ్డీ పాపమన్న భయముండెను. నజ్జార్ వారి విశ్వాసమును మార్చబూనలేదు. దానికి తగినట్లు బ్యాంకునే మార్చెను. ఆనాటి రాజకీయ పరిస్థితులలో మతము పేరు చెప్పిన ప్రభుత్వమునకు అనుమానము కలుగునని, తన బ్యాంకునకు ఇస్లాము పేరు పెట్టలేదు. పేరులో లేని ధర్మమును పనిలో చూపెను.

ఆ బ్యాంకులో మూడు విధములైన ఖాతాలుండెను. మొదటిది పొదుపు ఖాతా. దాచుకొన్న సొమ్మునకు వడ్డీ లేదు, కోరినప్పుడు తీసికొనవచ్చును. అట్లు దాచుకొన్నవారికి చిన్నచిన్న పనులకై వడ్డీలేని అప్పులు దొరకెడివి. రెండవది పెట్టుబడి ఖాతా. ఆ సొమ్ము వ్యాపారములలో పెట్టబడి, వచ్చిన లాభము పంచబడెడిది. మూడవది సంఘసేవా నిధి. జకాతు సొమ్ము ఇందులో చేరి బీదలకును ఆపన్నులకును వ్యయమయ్యెడిది.

వడ్డీ లేనిచో సొమ్ము దాచుకొనువా రెవరని మీరడుగవచ్చును. దానికి అంకెలే సమాధానము. 1963-64లో ఆ పద్ధతి ననుసరించి సొమ్ము దాచుకొన్నవారు 17 వేలకు పైబడి యుండిరి. 1966-67 నాటికి వారి సంఖ్య 2 లక్షల 50 వేలు దాటెను. ఒక్క బ్యాంకు తొమ్మిదియయ్యెను. ఆ రైతులను అక్కడికి తెచ్చినది లాభాపేక్షకంటె నమ్మకమని నా యభిప్రాయము. తమ సొమ్ము తమ పొరుగువాని మగ్గమునకో, కొట్టునకో ఉపయోగపడుచున్నదని వారు కన్నులార చూడగలిగిరి.

ఈ ప్రయోగము చిరకాలము నిలువలేదు. 1967లో దానికి స్వతంత్రత పోయి, వడ్డీతో నడచు ప్రభుత్వ బ్యాంకుల చేతికి వచ్చెను. కాని విత్తనము చెడలేదు. 1971లో ఈజిప్టు ప్రభుత్వమే వడ్డీలేని నాసరు సాంఘిక బ్యాంకును నెలకొల్పెను. 1975లో దుబాయి ఇస్లామిక్ బ్యాంకు వెలసెను. ఆ యేడే జెడ్డా నగరమున ఇస్లాము అభివృద్ధి బ్యాంకు పని నారంభించెను. 1983లో మలేషియాలో బ్యాంక్ ఇస్లాం వచ్చెను. ఆ యేడే ఇరాను దేశము తన బ్యాంకులన్నిటిని వడ్డీలేని పద్ధతికి మార్చుటకు శాసనము చేసెను.

ఈ యాలోచనలో మన తెలుగునేలకును పాలు కలదు. నిజాము ఏలుబడిలోని హైదరాబాదు రాజ్యమున ఇరువదవ శతాబ్ది పూర్వార్ధముననే వడ్డీలేని ఋణసంఘములు పనిచేసినవి. హైదరాబాదున 1908లో జన్మించిన పండితుడు మహమ్మద్ హమీదుల్లా వానినిగూర్చి వ్రాసి లోకమునకు తెలిపెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము బోధించిన అన్వర్ ఇక్బాల్ ఖురేషీ 1940వ దశకమున వడ్డీ సిద్ధాంతముపై ఇస్లాము దృష్టితో ఒక గ్రంథమును రచించెను. స్వతంత్ర భారతమున మాత్రము బ్యాంకుల చట్టము వడ్డీపద్ధతిపై నిలిచినది. 2008లో రఘురామ్ రాజన్ అధ్యక్షతనున్న సంఘము వడ్డీలేని సౌకర్యము కల్పింపవచ్చునని సూచించినను, ఆ ప్రయత్నము విరమించితిమని రిజర్వు బ్యాంకు 2017లో తెలిపెను.

ఇక ముఖ్యాంశమునకు వత్తము. ఈ బ్యాంకులు పెద్దవైన కొలది, సంఘమునకు వానికి గల బాధ్యత యేదో స్పష్టముగ వ్రాసిపెట్టుకొనవలసిన యవసరము కలిగెను. ఇస్లాము ఆర్థికసంస్థల లెక్కలకు నిబంధనలు ఏర్పరచు సంస్థ యొకటి బహ్రెయిను దేశమున 1991 నుండి కలదు. అది సంఘబాధ్యతను గూర్చి ప్రత్యేకముగ ఒక ప్రమాణమును వెలువరించినది. ఆ ప్రమాణము బాధ్యతలను రెండు తరగతులుగ విభజించినది: తప్పక చేయవలసినవి, చేసిన మంచివి.

తప్పక చేయవలసినవానిలో, ఎవరికి సొమ్మిచ్చుచున్నామో, ఆ సొమ్ము ఏ పనికి పోవుచున్నదో పరిశీలించుట యొకటి. ఖాతాదారులతో న్యాయముగ వ్యవహరించి, వారు మోయలేని భారము వారిపై పెట్టకుండుట యొకటి. ధర్మవిరుద్ధముగ చేతికి వచ్చిన రాబడిని దాచక చెప్పి, దానిని ఎట్లు వదలించుకొన్నారో తెలుపుట యొకటి. ఉద్యోగుల క్షేమము, జకాతు అనునవి మిగిలినవి. మంచి ఋణములిచ్చుట, చిన్న వ్యాపారులకు తోడ్పడుట, దానధర్మములు, వక్ఫు ఆస్తుల నిర్వహణ, గాలికి నీటికి హాని కలుగకుండ చూచుట – ఇవి చేసిన మంచివి.

ఈ విభజనలో నాకు కనబడిన విశేషము నొకదానిని మనవిచేసెదను. దానము రెండవ తరగతిలో నున్నది. బాకీదారునిపట్ల న్యాయము మొదటి తరగతిలో నున్నది. మా యూరి షావుకారు రెండవ తరగతిలో ప్రథముడుగ నిలిచి, మొదటి తరగతిలో తప్పినవాడు.

జకాతును గూర్చి రెండు మాటలు. ఏడాదిపాటు చేతనిలిచిన ధనము నిర్ణీత పరిమితిని మించినచో, దానిలో నలువదవ వంతు, అనగా నూటికి రెండున్నర, బీదలకు చెందవలెనని ఇస్లాము విధి. దీనిని పొందదగినవారు ఎనిమిది తెగలని ఖురాను చెప్పినది. అప్పులపాలై తీర్చలేనివారు అందొక తెగ. బాకీపడిన దరిద్రుడు నేరస్థుడు కాడు, సాయము పొందుటకు హక్కుగలవాడు అన్నమాట. కొన్ని దేశములలో బ్యాంకే జకాతు చెల్లించును. మరికొన్నిట వాటాదారుల వంతు ఎంతయో లెక్కచెప్పి వారికే విడిచిపెట్టును.

ఇప్పుడు అరువు బేరమును గూర్చి చెప్పవలెను. ఏలయన, నేటి ఇస్లాము బ్యాంకుల వ్యాపారములో పెద్దభాగము పాలుపద్ధతి కాదు, ఈ అరువు బేరమే. ఒక రైతునకు నీటిపంపు కావలెననుకొందము. దాని వెల 40,000 రూపాయలు. బ్యాంకు దానిని నలుబదివేలకు కొని, రైతునకు 44,000 రూపాయలకు అమ్మును. రైతు ఆ సొమ్మును పండ్రెండు వాయిదాలలో చెల్లించును. “ఆ నాలుగువేలు వడ్డీ కాక మరేమి?” అని మీరడిగినచో, ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి శాస్త్రజ్ఞులు చెప్పు సమాధానములు రెండు. మొదటిది: అమ్మకముందు ఆ పంపు నిజముగ బ్యాంకుదై యుండవలెను. రైతు చేతికి రాకమునుపు అది కాలిపోయిననో, పగిలిపోయిననో, ఆ నష్టము బ్యాంకుది. రెండవది: వెల ఒకసారి నిర్ణయమైనచో మరి పెరుగదు. రైతు ఆరునెలలు ఆలస్యము చేసినను నలుబదినాలుగువేలు నలుబదియైదువేలు కారాదు. ఈ రెండు భేదములే అరువు బేరమునకు ప్రాణము.

ప్రాణమున్నంతకాలము రూపమునకు విలువ. బ్యాంకు ఆ వస్తువును కన్నుల చూడక, కాగితముమీద ఒక్క నిమిషము తనదనిపించుకొని మరునిమిషమున అమ్మినచో, మొదటి భేదము పేరుకు మాత్రమే మిగులును. ఇంకను విచిత్రమైన పద్ధతి యొకటి యున్నది. నగదు కావలసినవానికి బ్యాంకు కాగితములమీదనే ఏదో లోహమును అరువునకు ఎక్కువ వెలకు అమ్మును. అతని తరపున ఆ బ్యాంకే ఆ దినముననే దానిని ఇంకొకరికి తక్కువ వెలకు నగదునకు అమ్మిపెట్టును. అతనికి లోహము కనబడదు. నగదు చేతికి వచ్చును. ఎక్కువ బాకీ నెత్తిమీద నిలుచును. ముసల్మాను దేశముల ధర్మశాస్త్రజ్ఞుల అంతర్జాతీయ పరిషత్తు 2009లో షార్జా నగరమున సమావేశమై, బ్యాంకులు ఏర్పాటుచేయు ఇట్టి బేరము ధర్మసమ్మతము కాదని నిర్ణయించినది. అయినను అది పూర్తిగా మానలేదు. రూపమును కాపాడి సారమును విడిచిపెట్టుచున్నారని మహమూద్ అల్ గమాల్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు 2006లో ప్రకటించిన తన గ్రంథమున విమర్శించెను.

బ్యాంకులు పాలుపద్ధతిని విడిచి అరువు బేరమునకే యేల మొగ్గినవి? దీనికి కారణము మీకు నేను చెప్పనక్కరలేదు. భూమిని పాలుకిచ్చినవాడు నూర్పిళ్లప్పుడు కళ్లమువద్ద కాపుండవలెను. కౌలుకిచ్చినవాడు ఇంటనే కూర్చుండవచ్చును. వ్యాపారి లాభమును దాచి నష్టము చూపినచో బ్యాంకు కనిపెట్టుట కష్టము. తమ సొమ్ము తగ్గుటకు దాచుకొన్నవారు నొప్పుకొనరు. కావున బ్యాంకులు సుళువైన దారి పట్టినవి. మీత్ గమ్ర్‌లో పాలుపద్ధతి నడచుటకు, బ్యాంకును బాకీదారుడును ఒకరినొకరు ఎరిగిన పొరుగువారగుటయే ముఖ్యకారణమని నేను తలంచుచున్నాను.

ఇక గడువు తప్పినప్పుడేమగును? ఇచ్చటనే అప్పిచ్చువాని ధర్మము బయటపడును. ఖురాను ఉపదేశము స్పష్టమైనది: బాకీదారుడు ఇక్కట్టులో నున్నచో అతనికి వెసులుబాటు కలుగువరకు గడువీయవలెను, బాకీ మాన్పినచో మరింత పుణ్యము. అట్లయినచో మోసగాండ్రు బాకీ యెగవేయరా యని మీరనవచ్చును. ఆ శాస్త్రము ఆ సంగతిని మరువలేదు. శక్తి యుండి తీర్చనివాడు అన్యాయము చేసినవాడేయని ప్రవక్త చెప్పినట్లు సంప్రదాయము. కావున ఇస్లాము బ్యాంకులు ఆలస్యమునకు జరిమానా వేయుట కలదు. కాని ఆ జరిమానా బ్యాంకు లాభములో కలియరాదు, దానధర్మములకు పోవలెను. తనకు నిజముగా కలిగిన నష్టమును మాత్రము పుచ్చుకొనుటకు కొన్ని దేశములలో అనుమతింతురు. ఆలస్యమువలన అప్పిచ్చినవానికి లాభము కలుగరాదనుట ఈ నియమముయొక్క ఉద్దేశము. బాకీదారుని కష్టము కోరుకొను లోభము షావుకారులో పుట్టకుండ చేయుటకు ఇంతకంటె మంచి ఉపాయము నేనెరుగను.

అయితే ఇందొక మెలిక యున్నది. పెద్దలు దీనిని గమనింపగోరెదను. ఇట్టి బ్యాంకు ఏడాది చివర తన నివేదికలో “ఇంత సొమ్ము ధర్మకార్యములకు వెచ్చించితిమి” అని వ్రాయును. ఆ సొమ్ము మూడు సంచులనుండి రావచ్చును. ఒకటి, బ్యాంకు తన లాభమునుండి యిచ్చినది. రెండవది, ఇతర బ్యాంకులతోడి వ్యవహారములలో తప్పనిసరియై చేతికి వచ్చిన వడ్డీ. అది తనది కాదు గనుక వదలించుకొన్నది. మూడవది, గడువు తప్పిన బాకీదారులనుండి వసూలైన జరిమానా. మొదటి సంచినుండి యిచ్చినది మాత్రమే దానము. రెండవది చేతిమురికి కడుగుకొనుట. మూడవది బాకీదారుని సొమ్ము. దానిని బీదవానికిచ్చి కీర్తి తాను పొందుట న్యాయము కాదు. ఆ జరిమానా చెల్లించినవాడే బీదవాడైనచో, సంతర్పణ పంక్తిలో కూర్చున్న మా రైతు కథ మరల జరిగినట్లే. ఈ మూడు సంచుల లెక్కలను వేరువేరుగ చూపు బ్యాంకును నమ్మవచ్చును. కలిపి చూపుదానిని ప్రశ్నింపవలెను.

ఈ విషయమున ఆ బ్యాంకుల నడవడి యెట్లున్నదని పండితులు పరిశీలింపకపోలేదు. రోజైనీ హనీఫా, మహమ్మద్ హుదైబ్ అను ఇద్దరు, గల్ఫు దేశములలోని ఏడు ఇస్లాము బ్యాంకుల వార్షిక నివేదికలను చదివి, 2007లో తమ నిర్ణయములను ప్రకటించిరి. ఒక్కటి తప్ప తక్కిన బ్యాంకులన్నియు తాము చెప్పవలసినదానికంటె తక్కువ చెప్పినవని వారు కనుగొనిరి. సంఘసేవ, జకాతు, దానము, మంచి ఋణములు – ఈ విషయములలోనే లోటు మిక్కుటముగ నుండెను. మసీదు పేరు చెప్పుకొని జనులను పిలిచిన బ్యాంకులు ఆ పేరునకు తగిన లెక్క చెప్పవలసినచోట మౌనము వహించుట విచారకరము. దీనిని గుర్తించియే కాబోలు, మలేషియా దేశపు కేంద్రబ్యాంకు 2018లో తన ఏలుబడిలోని ఇస్లాము బ్యాంకులకు క్రొత్త మార్గసూచి నిచ్చినది: వ్యాపారము ధర్మసమ్మతమగునా యని మాత్రమే కాక, దానివలన జనులకును, ప్రకృతికిని మేలు కలుగునా యనికూడ విచారింపవలెనని.

నిరాశపడవలసిన పని లేదు. మంచి ఋణము పుస్తకములోని మాట మాత్రమే కాదని చూపిన ఉదాహరణ యొకటి మన పొరుగుననే యున్నది. పాకిస్తాను దేశపు లాహోరు నగరమున 2001లో అంజాద్ సాఖిబ్ అను ఆయన ‘అఖువత్’ అను సంస్థను స్థాపించెను. అఖువత్ అనగా సౌభ్రాత్రము. ఇది బ్యాంకు కాదు, ధర్మసంస్థ. ఒక వితంతువునకు పదివేల రూపాయలు వడ్డీ లేక యిచ్చుటతో దాని పని మొదలయ్యెను. ఋణములను మసీదులలోను, క్రైస్తవుల ప్రార్థనాలయములలోను పంచుచున్నారు. అందరియెదుట, దైవసన్నిధిని పుచ్చుకొన్న అప్పును తీర్చవలెనన్న పట్టుదల మనుష్యునకు సహజముగ కలుగునని వారి నమ్మకము. మతభేదము చూడరు. అప్పు తీర్చినవారిలో కొందరు తామే దాతలై మరియొకనికి అప్పు పుట్టుటకు తోడ్పడుచున్నారు. 2021లో సాఖిబ్‌నకు మెగసెసే బహుమానము లభించినది. పెద్ద బ్యాంకులు ‘చేసిన మంచివి’ యని చివర వ్రాసికొన్న పనిని, ఈ సంస్థ మొదటి పనిగ పెట్టుకొన్నది.

పెద్దలారా, మీ గ్రామమునకు ఇస్లాము బ్యాంకు వచ్చునని చెప్పుటకు నేనీ ప్రసంగము చేయలేదు. వడ్డీ పుచ్చుకొనునదైనను పుచ్చుకొననిదైనను, అప్పిచ్చు సంస్థను పరీక్షించుటకు కొన్ని ప్రశ్నలను మీ చేతికియ్యవలెనని నా కోరిక. అప్పు ఏ పనికి పోవుచున్నదో ఆ సంస్థ విచారించునా, లేక తనఖా చూచి తృప్తిపడునా? పంట పోయినయేట బాకీ ఆగునా, పెరుగునా? ఇయ్యలేనివానిని, ఇచ్చుటకు మనసులేనివానిని వేరువేరుగ చూచునా? బాకీదారుడు గడువు తప్పినచో ఆ సంస్థకు లాభమా, కాదా? దానము చేసినదన్న సొమ్ము ఏ సంచిలోనిది? మీ యూరి సహకార పరపతి సంఘపు సర్వసభ్య సమావేశమున లెక్కలు చదువునప్పుడు ఈ ప్రశ్నలలో ఒక్కటియైనను అడిగి చూడుడు. సమాధానము చెప్పలేని సంఘము గోడకు ఎంత అందమైన దాతల పట్టిక తగిలించినను మీరు మోసపోవలదు.

మా యూరి షావుకారు సంతర్పణ మానవలసినదని నేననను. ఊరు ఆనందించినది, ఆకలిగొన్నవారు తిన్నారు. కాని వాన కురియని ఆ మొదటియేట, బాకీకి బాకీ చేర్పక, “వచ్చే పంటకు చూతములే” అని అతడొక్క మాట చెప్పియుండిన, ఆ రెండెకరములు ఆ రైతువిగనే యుండెడివి. ఆ మాటకు అతనికి ఖర్చయ్యెడిది కొన్ని బస్తాల వడ్లు. ఆ రైతు తన చెరువుక్రింది పొలములో పండిన గింజలనే ఆ సంతర్పణకు రెండు మానికలు తెచ్చి పోసి, పంక్తిలో కూర్చుండి తృప్తిగ తినియుండెడివాడు.

సెలవు.